పెద్దోళ్ల రోగం

పడవ అవతలి ఒడ్డు విడిచింది. ఇంకా చీమంత ఉంది, కదులుతుందో లేదో కూడా తెలియడం లేదు, అయినా అందులో నిలబడి గడ వేస్తున్నది నా బామ్మర్ది శంకరన్నే అని నాకు తెలుసు, గడ వేసేటప్పుడు నడుము అట్లా వంచేవాడు ఈ రెండు ఒడ్డుల మీద వాడొక్కడే. ఈ గంటలో నాకు కావలసింది ఒక్కటి. ఆ పడవ ఈ ఒడ్డుకు తగలాలి, ఆస్పత్రి నుంచి మనిషి వచ్చేలోపు తగలాలి, మంచంతో సహా నా పెళ్లాం రాజక్కను ఎక్కించుకుని నేను ప్రాణహిత నడుమకు చేరిపోవాలి. ఆ తర్వాత డాక్టర్ ఏ పాత రిజిస్టర్ దుమ్ము దులిపినా, మూడేళ్ల కింద ఎవరి పేరు పక్కన ఏ అంకె రాసినా, అది సిరొంచ ఆస్పత్రి బీరువాలో పడి ఉండే మరాఠీ కాగితం. నది దాటితే రాష్ట్రమే వేరు, ఆ భాష తెలిసినవాడు లేడు. శంకరన్నది అవతలి అర్జునగుట్ట. వాడు మరాఠీ చదవలేడు, విన్నా అర్థం కాదు. అర్థమైన రోజు నేను ఉండను. చెన్నూరు అంగట్లో తన చెల్లెలి కొడుకును కొట్టినవాడి చేతిని వాడు మోచేతి దగ్గర ఎట్లా విరిచాడో నేను పక్కనే నిలబడి చూశాను. ఎండు కట్టె విరిచినట్టు విరిచాడు, ముఖంలో కోపం కూడా లేకుండా.

రాజక్క కుడిచేయి మంచం మీంచి జారి ఇసుకలో పడింది. ఎత్తి కడుపు మీద పెట్టాను, మళ్లీ జారింది. మిరపచేలో ఇద్దరు కూలీలు చేసే పని చేసిన చేయి, చచ్చిన కోడిలా వేలాడుతోంది. నోరు కుడివైపుకు దిగి చొంగ కారుతుంటే ఈగలు ముసురుతున్నాయి. ఎడమ కన్ను మాత్రం తెరిచే ఉంది, అది నన్నే చూస్తోంది. పొద్దున అయిదింటి నుంచీ చూస్తూనే ఉంది. పొయ్యి దగ్గర నా జొన్న గటక కుండ, ఉప్పు వేయని నా గటక కుండ దించబోయి ఆమె అట్లాగే పక్కకు ఒరిగింది. కుండ పగలలేదు. నేను ముందు కుండనే చూశాను, ఎందుకో. ఏడింటి బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి తెచ్చాను, పదహారు కిలోమీటర్ల గుంతల్లో ఆమె తల సీటు ఇనుప కమ్మీకి తగులుతుంటే అంకిస ఆడవాళ్లు తమ చీర కొంగులు చుట్టి తల కింద పెట్టారు. బస్సులో అందరూ నన్ను ఓదార్చారు. నీకసలే ఒంట్లో బాగుండదు, నువ్వు పరేషాన్ కావద్దు అన్నారు. ఒకామె తన సీటు నాకిచ్చింది.

ఆస్పత్రిలో ఉండవలసింది కొత్త డాక్టర్. ఆ నమ్మకంతోనే లోపలికి పోయాను. కుర్చీలో పాతాయన కూర్చుని ఉన్నాడు, ఆ లావు కళ్లద్దాలు, ఆ నిదానం. రెండు నెలల కింద తిరిగొచ్చాడట. రాజక్క చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు, పాదరసం పైకి పోతూనే ఉంది, పైది రెండువందల ముప్ఫై, కిందది నూట నలభై అని నర్సుకు చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి, “బాయీలా ఆధీ బీపీ హోతా కా?” అన్నాడు. ఈమెకు ముందే బీపీ ఉండేదా అని. లేదు సాబ్, ఎన్నడూ లేదు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని నా ముఖం చూశాడు. ఏ ఊరన్నాడు. అంకిస అన్నాను. అంకిస బడిలో మూడేళ్ల కింద క్యాంపు పెట్టాం, అక్కడ ఒక ఆమెకు రెండువందలు ఉండె, నాకు గుర్తుంది, ఆ రిజిస్టర్ వెనక గదిలో ఉంది, తాళం క్లర్కు దగ్గరుంది, చూసి చెప్తాను, అప్పటిదాకా ఈమెను కదిలించవద్దు అన్నాడు. జీపు పాతగూడెం పోయింది, వచ్చాక మంచి మందులు గడ్చిరోలి నుంచి తెప్పిస్తాను, ఇప్పుడు ఒక సూది ఇచ్చాను, ఈ ఒక్క రోజు కుదుపు లేకుండా పడుకోబెడితే బతకవచ్చు అన్నాడు. సరే సాబ్ అన్నాను. ఆయన రోగుల వరుస వైపు తిరగ్గానే ఇద్దరు హమాలీలను పిలిచి, నీడకు మారుస్తున్నానని నర్సుకు చెప్పి, మంచం ఎత్తించి రేవుకు పట్టించాను. శంకరన్నకు పొద్దున్నే తొలి పడవలో కబురు పోయింది. పడవ ఇప్పుడు చీమంత లేదు, చెప్పంత అయింది.

బతకవచ్చు అన్నాడు. బతికితే నోరు వస్తుందా? అది నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఎనభై మూడులో ఆ క్యాంపు. బడి వరండాలో బల్ల, దాని మీద పాదరసం డబ్బా, ఊరంతా బారు కట్టింది. నాకు దగ్గు. రాజక్క నా వెనక గొడుగు పట్టుకుని నిలబడింది. నాకు పట్టీ చుట్టి, ఏకదమ్ ఛాన్, చాలా బాగుంది అన్నాడు డాక్టర్, ఇరవై ఏళ్ల పోరడికి ఉన్నట్టుంది అన్నాడు. నాకెందుకో అది అవమానంగా తోచింది. అంత వరుసలో నిలబడి, అంత ఎండలో నిలబడి, నాలో ఏమీ లేదా. తర్వాత ఆయన ఊరికే, ఎదురుగా నిలబడి ఉంది కదా అని, రాజక్కను కూర్చోమన్నాడు. ఆమె నావైపు చూసింది. గొడుగు అందుకుని, కూర్చో అన్నాను. గాలి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. చేయి మార్చి కొట్టాడు. అప్పుడు ఆమెతో మరాఠీలో మొదలుపెట్టాడు, ఆమెకు రాదన్నాను నేను, అందుకని నాకు చెప్పాడు. నాకు చెప్పడం కొత్తేమీ కాదు. సిరొంచ మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, మా వైపు రేషన్ కార్డు కాగితమైనా, అడవి జవాను బెదిరింపైనా, గడ్చిరోలి కోర్టు నోటీసైనా నా నోటి గుండానే తెలుగవుతుంది. సర్కారు గట్టయ్య నోట్లో ఉంటది అంటారు ఊళ్లో. ఇరవై ఏళ్లుగా అదే పని. సర్కారు పది మాటలు అంటే నేను ఆరు చెప్తాను, రెండు కలుపుతాను. ఎవరూ సరిచూడరు. ఎవరు చూస్తారు?

డాక్టర్ చాలాసేపు చెప్పాడు. మీ చేలో ఆయిలింజన్ ఉంటుంది కదా, అది నీళ్లను ఉండాల్సిన దానికంటే గట్టిగా తోస్తుంటే పైపు ఏం చేస్తుంది అన్నాడు. రోజూ చూస్తే ఏమీ చేయదు. నీళ్లు పారుతాయి, పంట పండుతుంది, నువ్వు బాగుందనుకుంటావు, ఒకరోజు ఎక్కడో అతుకు దగ్గర చీలుతుంది. ఒంట్లో నెత్తురు గొట్టాలు కూడా అంతే, చీలేది మెదడులో కావచ్చు, కంట్లో కావచ్చు, లేకపోతే గుండె అలిసి ఆగవచ్చు, మూత్రపిండాలు ఎండిపోవచ్చు. ఈ రోగం నొప్పి పెట్టదు, అదే దీని దొంగబుద్ధి. కోపిష్టివాళ్లకే వస్తుందనుకోకండి, మెత్తటి మనిషికి కూడా వస్తుంది. ఉప్పు తగ్గించాలి, ఎండు చేపలు, తొక్కులు మానాలి, నెత్తి మీద బరువులు వద్దు, బాగున్నా బాగులేకున్నా ఈ గోలీ రోజూ వేసుకోవాలి, చచ్చేదాకా వేసుకోవాలి. పొద్దున లేవగానే తల వెనక నొప్పి వస్తే, చూపు మసకైతే, ముక్కులోంచి నెత్తురు పడితే ఆ రోజే తీసుకురా అన్నాడు. నేను ప్రతి మాటకూ తలూపాను. వరుసంతా నన్నే చూస్తోంది, ఇంతసేపు డాక్టర్ ఇంత మర్యాదగా ఒక్కడితో మాట్లాడటం ఎవరూ చూడలేదు. రాజక్క కొంగు సర్దుకుని, “ఏమన్నడు?” అంది.

“నాకు బీపీ ఉన్నదట” అన్నాను.

అనుకుని అనలేదు. నాలుక మీదికి అదే వచ్చింది, ఇరవై ఏళ్ల అలవాటులో వచ్చినట్టు వచ్చింది. వెనక వరుసలో గుసగుస లేచింది, గట్టన్నకు బీపీ అట, గోపాల్‌రావు పటేల్‌కు ఉన్న రోగమట. డాక్టర్‌కు తెలుగు రాదు. సాంగిత్లం కా, చెప్పావా అని అడిగాడు. సాంగిత్లం అన్నాను. గోలీల పొట్లం నా చేతిలో పెట్టి, జాగ్రత్తగా చూసుకో అన్నాడు. రాజక్క నా చేతిలోంచి గొడుగు తీసుకుని నా నెత్తి మీద పట్టింది.

గోపాల్‌రావును చూసిన కళ్లు నావి. వంద ఎకరాల ఆసామి. బీపీ వచ్చాక అరుగు మీద వాలుకుర్చీ వేయించుకున్నాడు, ఒకడు విసనకర్రతో నిలబడేవాడు, ఆయన ముందు ఎవరూ గొంతు పెంచేవాళ్లు కాదు, తగువుకొచ్చిన పాలివాళ్లు, దాయాదులు కూడా మాట మింగి పోయేవాళ్లు. ఉప్పులేని కూర వెండి గిన్నెలో వచ్చేది. ఆయన కాటికి పోయేదాకా ఆ రోగాన్ని ఉంగరంలా పెట్టుకుని తిరిగాడు. మా ఊరి లెక్కలో అది పెద్దోళ్ల రోగం. నీళ్ల బిందె మోసే ఆడదానికి ఆ రోగం ఉందని చెప్తే ఊరు నవ్వదా? పైగా ఆ నెల మిరప ఏరాలి. నెత్తి మీద బరువు వద్దట, ఎండలో పని వద్దట, మరి గంప ఎవరెత్తుతారు, నేనా? ఇవన్నీ తర్వాత ఆలోచించినవి. ముందు నోరు అబద్ధం ఆడింది, కారణాలు వెనక నడిచి వచ్చాయి, వరుసగా, ఒక్కొక్కటీ ఒప్పుకునేటట్టే ఉన్నాయి.

“ఏమైంది గట్టన్నా, వదినెకేంది గిట్లయింది?”

ఉలిక్కిపడ్డాను. ఖాజా మియా, రేవులో చాయ్ కొట్టు ఆయన. ముక్కాలిపీట తెచ్చి నా కింద వేశాడు, రోగం ఉన్నవాడివి నిలబడకు అన్నాడు. పక్షవాతం అని చెప్పాను. అయ్యో అన్నాడు, తర్వాత తన సంగతి మొదలుపెట్టాడు. మూడు నెలల నుంచి ఆయనకూ బీపీ. నేను ఈ రోగంలో సీనియర్‌ని కనుక నాతో చెప్పుకోవడం ఆయనకు సంతోషం.

“ఉప్పు బంద్, ఆచార్ బంద్, ఎండు శాపలు బంద్. మా ఇంటామె బదరున్నీసా సప్పిడి కూర ముంగట పెట్టి నా మొఖం సూసుకుంట కూసుంటది, సినిమా సూసినట్టు. నువ్వెట్ల తింటున్నవన్నా మూడేండ్ల సంది?”

అలవాటైంది అన్నాను. పడవ మీద చూపు తిప్పలేదు. శంకరన్న ఎర్ర తలగుడ్డ కనిపిస్తోంది ఇప్పుడు. ఆస్పత్రి దారి ఖాళీగా ఉంది. ఖాజా మియా గోలీ ఏ పూట వేసుకోవాలో అడిగాడు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయా అని అడిగాడు, తనకు కోపం ఎక్కువ కాబట్టి బీపీ వచ్చిందనుకుంటే డాక్టర్ నవ్వాడని చెప్పాడు. కోపానికీ దీనికీ లంకె లేదట, చల్లగా కూర్చున్నవాడికి కూడా లోపల్లోపల పెరుగుతుందట. నేను తలూపాను. అప్పుడు ఆయన మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఒక మాట అడుగుత, ఏమనుకోకు. బీపీ నీకాయె, పడ్డది ఆమెనాయె. గిదెట్ల?”

మూడేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న, చాయ్ అమ్మేవాడు అడిగాడు. “గాలి సోకింది” అన్నాను. తెల్లారగట్ల పెరట్లోకి పోయింది, గాలి సోకింది. ఆయన నమ్మాడా? గడ్డం గోక్కున్నాడు. మసీదు నుంచి పిలుపు వినిపించింది, శుక్రవారం. కెటిల్ మీద గుడ్డ కప్పి, టోపీ దులిపి పెట్టుకున్నాడు. “సబర్ చెయ్యన్నా, జర ఓర్సుకో, నీ పానం గూడ సూసుకో” అని గట్టెక్కి పోయాడు. రేవులో ఇక నేనూ ఆమే. ఆ కన్ను.

ఎందుకు అట్లా చూస్తావు? నేనేం కొట్టానా? మొదటి వారం గోలీలు నేనే మింగాను, తెలుసా నీకు. నిజంగా మింగాను, ఊరికే మింగినట్టు నటిస్తే ఎవరైనా పసిగడతారేమోనని. నాలుగో రోజు బావి దగ్గర కళ్లు చీకటై పడ్డాను. ఊరంతా పరుగెత్తుకొచ్చింది, బీపీ లేసింది బీపీ లేసింది అని. నీ ఒళ్లో నా తల పెట్టుకుని ఏడ్చావు. అప్పటి నుంచి గోలీని చెంపలో దాచి పశువుల కొట్టంలో ఉమ్మేసేవాణ్ణి. నువ్వు చేతికి నీళ్లు అందించి, నేను గుటక వేసేదాకా చూసి, అప్పుడు గిన్నెలు కడుక్కునేదానివి. రెండు కుండలు పెట్టేదానివి, నాది ఉప్పు లేనిది, నీది ఉప్పుది. ఒకరోజు నీ దాంట్లో నేను చేయి పెట్టబోతే గుంజుకున్నావు, నీకు విషం అన్నావు. నా కుండలోంచి నువ్వు తింటానంటే నేను వద్దన్నాను, రోగపు కూడు నీకెందుకన్నాను. నువ్వు ఎండు చేపల పులుసుతో, పచ్చి మిరప తొక్కుతో తిని, పనికి పోయేదానివి. నేను నెలకోసారి సిరొంచ వచ్చి ఈయన దగ్గర నీ పేరు మీద గోలీలు తీసుకునేవాణ్ణి, ఆమె బాగుంది సాబ్, చేలో పని, రాలేదు అనేవాణ్ణి, తిరిగి పోయేటప్పుడు హోటల్లో ఉప్పూ కారం దట్టించిన మటన్ తినేవాణ్ణి. ఏడాదికి ఈయన బదిలీ అయ్యాడు, అప్పుడు ఇంకా సులువైంది, కిరాణా కొట్లో దొరికే తెల్ల పిప్పరమెంటు బిళ్లలు చాలు.

నా తమ్ముడు సమ్మన్న చేని గట్టు కోసం పంచాయితీ పెడితే నేను గుండె పట్టుకుని కూర్చున్నాను. అంతే, పెద్దమనుషులు వాడినే తిట్టారు, అన్నను సంపుకుంటవురా అన్నారు. మూడు సాళ్ల భూమి నాకొచ్చింది. ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. నువ్వు దగ్గినా నోరు మూసుకుని దగ్గేదానివి. ఒక మనిషికి ఇంతకంటే ఏం కావాలి? గోపాల్‌రావుకు వంద ఎకరాలుంటే వచ్చింది నాకు ఒక్క మాటతో వచ్చింది.

డాక్టర్ చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా నీలోకి వచ్చాయి. నేను చూశాను, నాకు తప్ప ఊళ్లో ఎవరికీ అవేమిటో తెలియదు. మొదటి చలికాలం, పొద్దున లేవగానే తలకు గుడ్డ బిగించి కట్టుకోవడం మొదలుపెట్టావు, తల వెనక కట్టె పెట్టి కొట్టినట్టుందన్నావు. ఆ గుడ్డతోనే నా కాళ్లు పిసికావు. రెండో ఎండాకాలం మిరప కల్లంలో ముక్కులోంచి నెత్తురు, కుప్ప మీద పడితే కాయ ఏదో నెత్తురు ఏదో తెలియలేదు. వేడి చేసిందన్నారు ఆడవాళ్లు, ఉల్లిగడ్డ వాసన చూపారు, మజ్జిగలో ఇంత ఉప్పు కలిపి తాగించారు. నేను గట్టు మీద గొడుగు కింద కూర్చుని చూస్తున్నాను. ఉప్పు వద్దని చెప్పవచ్చు. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్తే నీకెట్లా తెలుసంటారు, ఎవరు చెప్పారంటారు, అప్పుడు గోలీల సంగతి, గట్టు సంగతి, శంకరన్న. నోరు తెరిచాను. ఇంకొంచెం పొయ్యండి అన్నాను. ఈ వానాకాలం సూదిలో దారం ఎక్కించలేకపోయావు, కళ్ల ముందు పొగ అన్నావు, వయసైందని నవ్వాను. నలభై రెండేళ్లు. పాదాలు వాచాయి. నేను లెక్క పెట్టుకుంటున్నాను, తల అయింది, ముక్కు అయింది, కన్ను అయింది. తెలిసి ఊరుకున్నవాడికి ఒక రకం ధైర్యం వస్తుంది. రోజూ ఏమీ కాలేదు కదా, రేపు కూడా కాదు అనిపిస్తుంది. ఇంజన్ నడుస్తూనే ఉంది, నీళ్లు పారుతూనే ఉన్నాయి.

పడవ ముక్కు ఇసుకకు తగిలింది. శంకరన్న మోకాలి లోతులో దూకి వచ్చాడు. అక్క వైపు చూసి, నా దగ్గరికే ముందు వచ్చి భుజం పట్టుకున్నాడు.

“నువ్వెట్లున్నవు బావా? గోలి ఏసుకున్నవా పొద్దుగాల?”

వేసుకున్నాను అన్నాను. డాక్టర్ ఏమన్నాడని అడిగాడు. ఇక్కడ మందుల్లేవు, మంచిర్యాల తీసుకుపొమ్మన్నాడు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది. నన్ను మంచం ఎత్తనివ్వలేదు వాడు, నువ్వు బరువులెత్తద్దు అని, ఇసుక మీద ఎడ్లు తోలుకుపోయేవాణ్ణి ఒకణ్ణి కేకేసి వాడితో ఎత్తించాడు. పడవలో మంచం అడ్డంగా పెట్టి, తన తలగుడ్డ విప్పి ఆమె తల కింద మడిచి పెట్టాడు. నేను ముందు కూర్చున్నాను. గడ నేలను తోసింది. ఒడ్డు కదిలింది. నా గుండె ఎంత నిదానంగా కొట్టుకుంటోందో నాకే ఆశ్చర్యం. ఏకదమ్ ఛాన్. అవతల రోడ్డు మీద చెన్నూరు బస్సు, అక్కడి నుంచి మంచిర్యాల, సాయంత్రం అవుతుంది. అంతసేపు ఆమె ఉండకపోవచ్చు. ఉండకపోతే దారిలోనే అన్నీ అయిపోతాయి. అర్జునగుట్టలో పుట్టింటి వాళ్ల చేతుల్లోనే అయిపోతాయి, నాకు బీపీ కనుక నన్ను ఎక్కువ ఏడవనివ్వరు.

నడుమకు రాకముందే అరుపు వినిపించింది.

రేవు గట్టు మీద ఖాకీ చొక్కా ప్యూను, చేతిలో కాగితం. వాడి వెనక తెల్ల కోటు, డాక్టరే, కళ్లద్దాలు పట్టుకుని దిగుతున్నాడు. పైన రోడ్డు మీద జీపు నిలబడి ఉంది, పాతగూడెం నుంచి వచ్చేసింది. ప్యూను రెండు చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. “నేఊ నకా! పరత్ ఆణా! పరత్!” తీసుకుపోవద్దు, వెనక్కి తీసుకురండి. గాలి మాట సగం తిన్నా మిగతా సగం నాకు సూదిలా దిగింది. శంకరన్న గడ ఆపాడు. పడవ ప్రవాహంలో కొంచెం పక్కకు తిరిగింది.

“గా మనిషి ఏమంటుండు బావా?”

వెనక్కి తిప్పడానికి నూరు బారల దూరం. అక్కడ జీపు ఉంది, మందు ఉంది, ఆ కాగితంలో ఆమె పేరు పక్కన రెండువందలు అని ఉంది. శంకరన్న చేతులు గడ మీద ఉన్నాయి, నరాలు తేలిన చేతులు. నేను ఒడ్డు వైపు చేయి ఊపాను, సరే సరే అన్నట్టు.

“బిరాన పోండ్రి, ఆలస్యం జెయ్యకుండ్రి అంటుండు.”

వాడు గడ వేశాడు. ఒకసారి, రెండుసార్లు. ఒడ్డు మీద మనుషులు చిన్నగయ్యారు. ప్యూను ఇంకా చేతులు ఊపుతున్నాడు, ఊపనీ. అప్పుడు మంచం చప్పుడైంది. రాజక్క ఎడమచేయి పట్టెను పట్టుకుని లాగుతోంది, తల తిప్పడానికి చూస్తోంది. నావైపు కాదు. ఒడ్డు వైపు, అరిచిన వాడి వైపు. మెడ నరం తాడులా లేచింది. ఆ పరత్ అన్న మాట దగ్గర ఆమె కన్ను ఆగింది. ఇరవై ఏళ్లు, నాకిప్పుడే తోచింది, ఇరవై ఏళ్లు ఆమె అంకిసలో ఉంది. అదే బస్సు ఎక్కింది, ఆ కండక్టర్లు మరాఠీలోనే అరుస్తారు. రేషన్ దుకాణంలో తూకం వేసేవాడు మరాఠీ, సంతలో అల్లం అమ్మేది మరాఠీ. ఆమెకు ఆ భాష రాదని ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. అందరికీ నేనే చెప్పాను, ఆమెను ఎవరూ అడగలేదు. మరి ఆ రోజు బడి వరండాలో, డాక్టర్ ఇంజన్ గురించి, పైపు గురించి చెప్తున్నంతసేపూ ఆమె కొంగు సర్దుకుంటూ కూర్చుని, అంతా విని, ఏమన్నడు అని నన్ను అడిగిందా? నేనేమంటానో చూద్దామని అడిగిందా? విని, ఇంటికి పోయి, రెండు కుండలు ఎక్కించిందా?

ఆమె నోరు కదిలింది. బాగున్న వైపు పెదవి పైకి పోయింది, గొంతులోంచి ఏదో వచ్చింది, మాట కాదు, మాటకు ముందుండే ముద్ద. మళ్లీ వచ్చింది. ఈసారి దానికి కొంచెం ఆకారం ఉంది. నోరు వస్తోంది. సూది పని చేస్తోంది.

శంకరన్న గడ ఎత్తిపట్టి ఆమె మీదికి వంగాడు. “అక్కా, నేనే, శంకర్‌ను” అన్నాడు. ఆమె వాడి ముఖంలోకి చూస్తూ ఆ ముద్దను మళ్లీ బయటికి తోసింది. వాడికి అర్థం కాలేదు. నా వైపు తిరిగాడు.

“అక్క ఏమంటుంది బావా?”

పొద్దున నర్సు చెంచాతో నీళ్లు పట్టబోతే డాక్టర్ చేయి కొట్టి ఆపాడు. గొంతులో సగం చచ్చింది, మింగలేదు, చుక్క పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నీళ్లే ఈమెను చంపుతాయి అన్నాడు. మరాఠీలో అన్నాడు. నాకే అన్నాడు.

“నీళ్లడుగుతుంది” అన్నాను.

శంకరన్న గడను పడవలో అడ్డంగా పెట్టాడు. అంచు మీద మోకాళ్లూని వంగి, రెండు చేతులూ దగ్గరికి చేర్చి, ఒక్క చుక్క కూడా జారకుండా దోసిలి నిండా ప్రాణహితను ముంచుకున్నాడు.